దయ్యాల కొంపలో బటన్ నొక్కేది నేనే!

సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను న్యూజెర్సీలో ఒక వేర్‌హౌస్ ఆఫీసులో బిల్లింగ్ క్లర్కుని. ఏ ట్రక్కులో ఎన్ని పెట్టెలు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎవరికి ఎంత బిల్లు కొట్టాలి... పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే లెక్క. అక్టోబరు నెల వచ్చిందంటే మాత్రం శుక్ర, శని, ఆదివారాల రాత్రుళ్ళు నా ఉద్యోగం వేరు. శవాల్ని లేపడం!

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మేముండే చోటికి కారులో అరగంట దూరంలో ఒక ఫార్మ్ ఉంది. ఎండాకాలంలో మొక్కజొన్న కండెలు, ఆ తర్వాత గుమ్మడికాయలు అమ్ముతారు. హాలోవీన్ సీజన్ దగ్గర పడేసరికి అక్కడున్న పాత గడ్డి కొట్టాన్ని దయ్యాల కొంపగా మార్చేస్తారు. అదే ఇక్కడివాళ్ళు హాంటెడ్ హౌస్ అంటారు. మొత్తం 14 గదులు. కొన్ని గదుల్లో హైస్కూలు, కాలేజీ పిల్లలు వేషాలు వేసుకుని నిలబడతారు. మిగతా గదుల్లో కదిలే బొమ్మలు ఉంటాయి. శవపేటిక మూత తెరుచుకుంటుంది, పీపాలోంచి అస్థిపంజరం లేస్తుంది, ఆరో గదిలో ఆస్పత్రి మంచం మీద పడుకున్న శవం దుప్పటి తోసుకుని లేచి కూర్చుంటుంది.

చూసేవాళ్ళకి అవి వాటంతట అవే లేచినట్టు ఉంటుంది. కానీ వెనకాల ఒక చిన్న చెక్క గదిలో నాలుగు టీవీ తెరల ముందు ఒక తెలుగువాడు కూర్చుని బటన్లు నొక్కుతుంటాడని ఎవరికీ తెలియదు. ఆ వాడిని నేనే. ఇప్పటికి మూడు సీజన్లు చేశాను. ఈ పనిలో నేను నేర్చుకున్నది, ఒకసారి తప్పు చేసి నేర్చుకున్నది, మన పాఠకులతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

ఈ పనిలోకి ఎలా వచ్చానంటే

మొదటి సంవత్సరం టిక్కెట్ల కౌంటర్ దగ్గర పెట్టారు. లెక్క తేడా రాకుండా చూస్తానని పేరొచ్చింది. ఒక శనివారం కంట్రోల్ రూములో చేసే కుర్రాడు రాలేదు. "నువ్వు నిదానస్తుడివి, కూర్చో" అన్నాడు సూపర్‌వైజరు. అలా కూర్చున్నవాణ్ణి ఇప్పటికీ లేవలేదు.

ఇక్కడ మనవాళ్ళకి ఒక మాట. నాకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఈ రెండో పని చేసుకోగలుగుతున్నాను. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు, ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలు, వర్క్ పర్మిట్ లేని హెచ్-4 వాళ్ళు ఇలాంటి వారాంతపు పనులకి సరదాకైనా డబ్బులు తీసుకుని వెళ్ళకూడదు. నాలుగు వారాల జీతం కోసం వీసా పాడు చేసుకోవద్దు.

శవం ఎలా లేస్తుంది?

నేను తెనాలి దగ్గర గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఇంటర్ ఎం.పి.సి. చదివాను. ఫిజిక్సులో సోలినాయిడ్ అని ఒక పాఠం ఉండేది. తీగని చుట్టగా చుట్టి కరెంటు పంపితే అది అయస్కాంతం అవుతుంది. పరీక్ష కోసం బట్టీ పట్టానే తప్ప అది ఎక్కడ పనికొస్తుందో అప్పుడు తెలియలేదు. అమెరికా వచ్చాక, ఒక ప్లాస్టిక్ శవం నడుం కింద మళ్ళీ కనపడింది!

మా బొమ్మల్లో చాలావాటికి బలం గాలి. కొట్టం బయట ఒక పెద్ద ఎయిర్ కంప్రెసర్ ఉంటుంది. మన ఊళ్ళో టైరు పంక్చర్ షాపులో ఉండేలాంటిదే, కాకపోతే ఇంకా పెద్దది. అది గాలిని అదిమి ట్యాంకులో నింపుతుంది. అక్కడి నుంచి ప్లాస్టిక్ గొట్టాల ద్వారా ప్రతి బొమ్మ దగ్గరికీ గాలి వెళ్తుంది. దారిలో రెగ్యులేటర్ అనే బిరడా ఒత్తిడిని తగ్గిస్తుంది. మా దగ్గర 60, 70 పి.ఎస్.ఐ. మధ్య పెడతారు. కారు టైరులో ఉండే గాలి కంటే ఇది దాదాపు రెండింతలు.

బొమ్మ దగ్గర గాలిని ఆపుతూ ఒక వాల్వు ఉంటుంది. దాన్ని తెరిచేదే సోలినాయిడ్. నేను బటన్ నొక్కగానే తీగ చుట్టకి కరెంటు వెళ్తుంది, లోపలి ఇనుప ముక్క జరుగుతుంది, దారి తెరుచుకుంటుంది. గాలి వెళ్ళి సిలిండర్‌లోని కడ్డీని బయటికి తోస్తుంది. ఆ కడ్డీ శవం వీపుకి బిగించి ఉంటుంది కాబట్టి శవం లేచి కూర్చుంటుంది. కరెంటు ఆగితే గాలి బయటికి పోతుంది, శవం మళ్ళీ పడుకుంటుంది. 'స్‌స్‌స్' మని ఆ గాలి పోయే చప్పుడు వినపడకుండా పెద్దగా అరుపు రికార్డింగు వేస్తారు.

ఇదంతా ఒకేసారి జరిగితే బాగోదు. అందుకని ప్రతి బొమ్మకీ అగ్గిపెట్టెల కట్టంత కంట్రోలర్ ఉంటుంది. ముందు గదిలో లైటు ఆరాలి, అర సెకను ఆగి అరుపు రావాలి, ఆ వెంటనే లైటు తటాలున వెలగాలి, సరిగ్గా అప్పుడే శవం లేవాలి. ఈ వరస మొత్తం అందులో ముందే ఎక్కించి ఉంటుంది. ఆ వరస పూర్తయ్యేదాకా మళ్ళీ బటన్ నొక్కినా అది పట్టించుకోదు.

లేపే మార్గాలు నాలుగు

బొమ్మకి 'ఇప్పుడు లే' అని కబురు పంపడాన్ని ఇక్కడ ట్రిగ్గర్ అంటారు. తుపాకీకి ఉండేదే ఆ పేరు. మా కొట్టంలో నాలుగు రకాలు వాడతాం.

మొదటిది కాలి చాప. తివాచీ కింద పల్చటి చాపలో రెండు లోహపు పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కాలు పడితే అవి అతుక్కుంటాయి, కబురు వెళ్తుంది. చవక, సులువు. కానీ వరుసలో ముందు నడిచేవాడి కాలే దాని మీద పడుతుంది. గుంపులో అందరికంటే ధైర్యం ఉన్నవాడే కదా ముందు నడిచేది! వాడు భయపడడు. వెనక ఉన్నవాళ్ళు వచ్చేసరికి శవం మళ్ళీ పడుకుని ఉంటుంది.

రెండోది వేడిని పసిగట్టే సెన్సర్. మన ఇళ్ళ ముందు రాత్రిపూట మనిషి రాగానే లైటు వెలుగుతుందే, అదే. మనిషి ఒంటి వేడి తన ముందు నుంచి కదిలితే పట్టేస్తుంది. దీని గొడవేమిటంటే పొగ మిషను నుంచి వెచ్చటి పొగ ఎదురుగా వచ్చినా మనిషే అనుకోవచ్చు. ఖాళీ గదిలో శవం లేచి అరిచి పడుకుంటుంది. ఆ గదికి మనుషులు వచ్చే వేళకి అది ఇంకా వరస ముగించుకుంటూ ఉంటుంది.

మూడోది కాంతి గీత. ఒక గోడ నుంచి కంటికి కనపడని కాంతి ఎదుటి గోడకి వెళ్తుంది. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే తెగుతుంది, బొమ్మ లేస్తుంది. ఇది నమ్మకంగా పని చేస్తుంది. పొగ మరీ దట్టంగా కమ్మితే మాత్రం పొగే గీతని తెంపేస్తుంది.

నాలుగోది మనిషి. చేతిలో బటన్ పెట్టుకుని కూర్చున్న మనిషి. నా పెట్టె నుంచి ముఖ్యమైన బొమ్మలకి తీగలు వేశారు. వేషాలు వేసుకున్న పిల్లల దగ్గర కారు తాళంలాంటి చిన్న రిమోట్లు ఉంటాయి. అవి రేడియో తరంగాలతో పని చేస్తాయి. వీటి చిక్కులు వీటికీ ఉన్నాయి. రేకుల గోడ అడ్డం వస్తే కబురు అందదు. ఒకే కోడుకి రెండు బొమ్మలు అలవాటు పడితే రెండూ లేస్తాయి. ఒకసారి మా దగ్గర తొమ్మిదో గదిలో శవపేటిక రాత్రంతా దానంతట అదే తెరుచుకుంటూ ఉంది. పిల్లల్లో ఇద్దరికి నిజంగానే అనుమానం వచ్చింది, అక్కడికి వెళ్ళనన్నారు! చివరికి చూస్తే రిమోట్ ఒక కుర్రాడి వెనక జేబులో ఉంది. వాడు కూర్చున్నప్పుడల్లా పేటిక తెరుచుకుంటోంది.

సెన్సర్లు ఇన్ని ఉండగా మనిషికి జీతం ఇచ్చి ఎందుకు కూర్చోబెట్టాలి? దీనికి జవాబు నాకు మొదటి సీజనులోనే తెలిసింది. సెన్సర్‌కి మనిషి వచ్చాడని తెలుస్తుంది. ఏ మనిషి వచ్చాడో తెలియదు.

తెర వెనక చెయ్యి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒకసారి తోలుబొమ్మలాట కట్టారు. ఆట సగంలో నిద్రపోయాను కానీ ఒకటి మాత్రం గుర్తుంది. కేతిగాడు తెర మీదికి వచ్చి వెంటనే మాట్లాడలేదు. జనం నవ్వు ఆగేదాకా అటూ ఇటూ ఊగాడు. నవ్వు ఆగింది, అప్పుడు మాట వదిలాడు. మళ్ళీ నవ్వు! తెర వెనక బొమ్మ పట్టుకున్నాయన జనాన్ని చెవులతో చూస్తున్నాడన్నమాట. నా పని కూడా అంతే. కాకపోతే ఆయన నవ్వించాడు, నేను అరిపిస్తాను.

శవం ఎప్పుడు లేవాలన్నది అసలు విద్య. గుంపు గదిలోకి రాగానే లేపితే దూరం నుంచే చూసి నవ్వుతారు. మంచం దాటి వెళ్ళిపోయాక లేపితే ఎవరూ చూడరు. అందరూ మంచం వైపు భయంభయంగా చూస్తూ ఉన్నప్పుడు కూడా లేపకూడదు, ఎందుకంటే వాళ్ళు దానికి సిద్ధంగా ఉన్నారు. ఎదుటి మూల చిన్న లైటు వెలిగిస్తాను. తలలు అటు తిరుగుతాయి. 'ఏం లేదులే' అని ఒక నవ్వు వినపడుతుంది. అప్పుడు నొక్కాలి!

ఇంకో నియమం ఉంది. జనాన్ని వెనక నుంచి భయపెట్టి ముందుకు తోలాలి గానీ, ముందు నుంచి భయపెట్టి వెనక్కి తోలకూడదు. వెనక్కి పరిగెత్తితే వచ్చే గుంపు మీద పడతారు, వరుసంతా ఆగిపోతుంది.

ఈ విద్య ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో 1915లో ఆర్టన్ అండ్ స్పూనర్ అనే తయారీదారులు ఆవిరితో నడిచే దయ్యాల ఇల్లు చేశారు. దాన్ని లిఫుక్ అనే ఊరి దగ్గర హాలీకూంబ్ మ్యూజియంలో భద్రపరిచారు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ 1969 ఆగస్టు 9న మొదలైంది. అందులో టోపీ పెట్టె పట్టుకున్న ఒక దయ్యం ఉండేది. దాని తల మెడ మీద మాయమై చేతిలోని పెట్టెలో కనపడాలి. ఎంత ప్రయత్నించినా ఆ మాయ సరిగ్గా కుదరలేదు, కొద్ది రోజులకే దాన్ని తీసేశారు. కొత్త పద్ధతులతో తయారు చేసి మళ్ళీ పెట్టింది 2015లో! అంత పెద్ద కంపెనీకే ఒక బొమ్మ కుదరడానికి 46 ఏళ్ళు పట్టింది. ఇక మా గడ్డి కొట్టం ఎంత?

నా తప్పు

రెండో సీజన్ మొదటి శనివారం. వరుస గేటు దాటి పార్కింగ్ దాకా ఉంది. ఆరో గదిలో ఐదుగురు కుర్రాళ్ళు వచ్చారు. తెర మీద నలుగురు స్పష్టంగా కనపడుతున్నారు. ఐదోవాడు సగమే కనపడుతున్నాడు, కెమెరా అంచులో ఉన్నాడు. నేను నలుగుర్నే చూశాను. తలలు మూలకి తిరిగాయి, నొక్కాను.

శవం లేచింది, కేకలు పెట్టారు, నవ్వారు. కానీ ఐదోవాడు కింద పడ్డాడు. వాడు బూటు లేసు కట్టుకోవడానికి మంచం పక్కనే వంగి ఉన్నాడు. తల మీదుగా దుప్పటి లేవగానే వెనక్కి దూకబోయి చెయ్యి మీద పడ్డాడు. మణికట్టు విరిగింది.

నేను వెంటనే అన్ని బొమ్మలూ ఆపే ఎర్ర బటన్ కొట్టి, లైట్లు వేసి, వాకీటాకీలో పిలిచాను. అంబులెన్సు వచ్చింది. కుర్రాడు మంచివాడు, "నా తప్పే, అక్కడ ఆగకూడదని బోర్డు ఉంది" అన్నాడు. సూపర్‌వైజరు రిపోర్టు రాసుకున్నాడు. నన్ను ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి భోజనం చేయలేకపోయాను. మా ఆవిడ అడిగితే, "అయిదో మనిషిని చూడలేదు" అన్నాను. లెక్క తేడా రానివ్వడని పేరున్నవాణ్ణి, ఐదుగురు మనుషుల్ని లెక్క పెట్టలేకపోయాను.

మర్నాడే ఆ కెమెరాని పక్కకి జరిపించాం. మంచానికి మూడు అడుగుల దూరంలో గట్టి చేపట్టు కమ్మీ వేశారు. ఎంతమంది లోపలికి వచ్చారో గేటు దగ్గర అమ్మాయి వాకీటాకీలో చెబుతుంది. ఆ అంకె తెర మీద సరిపోయేదాకా నేను బటన్ మీద వేలు పెట్టను. వేర్‌హౌసులో పెట్టెలకి చేసే పనే!

ఎర్ర బటన్ విలువ

నా పెట్టెలో పద్దెనిమిది బటన్లు ఉంటే వాటిలో అన్నిటికంటే పెద్దది ఆపే బటన్. మొదటి రోజు మా మెకానిక్ పెద్దాయన నన్ను కూర్చోబెట్టి దాని గురించి ఒక గంట చెప్పాడు. అప్పుడు చెప్పిన కథ మన న్యూజెర్సీదే.

1984 మే 11 సాయంత్రం, జాక్సన్ టౌన్‌షిప్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో హాంటెడ్ కాజిల్ అనే దయ్యాల కోటకి నిప్పంటుకుంది. ట్రక్కులకి తగిలించే ట్రైలర్లని ఒకదానికొకటి కలిపి కట్టిన చీకటి దారి అది. లోపల ఒకరు వెలిగించిన సిగరెట్ లైటర్ మంట గోడకి వేసిన ఫోమ్‌కి తగిలింది. ఆ ఫోమ్ భగ్గుమంది. తాత్కాలిక కట్టడం కింద లెక్క వేసినందువల్ల నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. ఎనిమిది మంది టీనేజ్ పిల్లలు చనిపోయారు. సరదాగా భయపడదామని వెళ్ళిన పిల్లలు.

ఒక్కసారి ఊహించండి. దయ్యాల కొంపలో పొగ ఉంటుంది, కేకలు ఉంటాయి, చీకటి ఉంటుంది, దారి తికమకగా ఉంటుంది. ఇవన్నీ మేము డబ్బులు తీసుకుని అమ్మే సరుకులు. నిజంగా నిప్పు అంటుకున్నప్పుడు కూడా కనపడేవి ఇవే! 'నిజమా, ఆటా?' అని తేల్చుకునేలోపే సమయం దాటిపోతుంది.

ఆ ఘోరం తర్వాత ఇక్కడ నిబంధనలు గట్టిపడ్డాయి. ఇలాంటి కట్టడాలకి స్ప్రింక్లర్లు, పొగ కనిపెట్టే పరికరాలు ఉండాలి. అంతకంటే నాకు నచ్చిన నియమం ఇంకొకటి. అలారం మోగగానే దారి కనపడేలా లైట్లు వెలగాలి, మనిషిని తికమక పెట్టే శబ్దాలు, దృశ్యాలు అన్నీ ఆగిపోవాలి. అంటే మంట వచ్చిన క్షణం నుంచి అక్కడ దయ్యం అనేది ఉండకూడదు. మా దగ్గర అలారానికీ బొమ్మల కరెంటుకీ లంకె వేశారు. అది పని చేసినా చేయకపోయినా నా ఎర్ర బటన్ వేరే ఉంటుంది. కరెంటు ఆగినా గొట్టాల్లో గాలి మిగిలి ఉంటుంది కదా, దాన్ని కూడా బయటికి వదిలే వాల్వు పెట్టారు. లేకపోతే ఆగిందనుకున్న బొమ్మ బాగు చేసేవాడి మీదికి లేస్తుంది.

ప్రతి రాత్రీ గేటు తెరవకముందు మేము మొదట పరీక్షించేది ఈ బటన్‌నే. శవం లేచిందా లేదా అన్నది ఆ తర్వాత.

మామ్మగారి సంగతి

మణికట్టు విరిగిన రెండు వారాలకి ఇంకో సంఘటన జరిగింది. అప్పటికి నాకు చెయ్యి వణుకు పూర్తిగా పోలేదు. రాత్రి తొమ్మిది దాటింది. రెండో గది మైకులో తెలుగు వినపడింది. "అమ్మా, మెల్లగా, మెట్టుంది."

తెర మీద చూశాను. భార్యాభర్తలు, పన్నెండేళ్ళ పాప, వాళ్ళతో డెబ్బై ఏళ్ళు దాటిన మామ్మగారు. నేత చీర, పైన స్వెట్టరు, తలకి మఫ్లరు, కాళ్ళకి తెల్లటి బూట్లు. మనవరాలిని చూడ్డానికి వచ్చినవిడ అని చూడగానే తెలిసిపోయింది. మా అమ్మ గుర్తొచ్చింది. ఈవిడకి ఏమైనా అయితే? ఇన్సూరెన్సు ఉందో లేదో! విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు ఆస్పత్రిలో చేరితే బిల్లు ఎలా ఉంటుందో మనలో ఎవరికి తెలియదు?

వేలు వెనక్కి తీసేశాను. ఆరో గదిలో శవం లేవలేదు. ఏడు, తొమ్మిది గదుల్లో సెన్సర్లని ఆపేశాను. పదకొండో గదిలో రంపం పట్టుకునే కుర్రాడికి వాకీటాకీలో చెప్పి పక్కకి తప్పించాను. ఆ కుటుంబం మొత్తం కొట్టాన్ని మ్యూజియం చూసినట్టు చూసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. మంచి పని చేశానని అనుకున్నాను.

పది నిమిషాల్లో సూపర్‌వైజరు వచ్చాడు. "నీ బొమ్మలన్నీ చచ్చిపోయాయా? బయట ఒకాయన గొడవ చేస్తున్నాడు. మనిషికి 35 డాలర్లు పెట్టాం, ఒక్కటీ పని చేయలేదంటున్నాడు." జరిగింది చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "నీ ఉద్దేశం మంచిదే. కానీ ఆవిణ్ణి అడిగావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "పద, నువ్వే వచ్చి చెప్పు" అన్నాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

బయట మామ్మగారు చెక్క బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నేను నమస్కారం పెట్టి తెలుగులో మాట్లాడగానే ఆశ్చర్యపోయారు. ఏ ఊరని అడిగారు. చెప్పాను. ఆవిడది బాపట్ల పక్కనే.

"అయితే లోపల ఆ దయ్యాల్ని ఆడించేది నువ్వేనా అబ్బాయ్?"

"నేనేనండి మామ్మగారూ."

"మరి నేనొచ్చేసరికి ఎందుకూరుకున్నావు? ముసల్దాన్ననా?"

తల దించుకున్నాను.

"నాకు బీపీ లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా మోకాళ్ళ నొప్పులు. వచ్చి నాలుగు నెలలైంది. ఎక్కడికి తీసుకెళ్ళినా 'అమ్మా మెల్లగా, అమ్మా కూర్చో, అమ్మా వద్దు' అంటారు వీళ్ళు. ఇవాళ మనవరాలు పట్టుబట్టి తీసుకొచ్చింది. తీరా వస్తే నువ్వూ అంతేనా?"

వాళ్ళ అబ్బాయి ముఖం చూడాలి అప్పుడు. నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

సూపర్‌వైజరుకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, టిక్కెట్టు లేకుండా ఇంకోసారి వెళ్ళమన్నాడు. నేను ఈసారి అడగాల్సినవి అడిగాను. గుండె సంగతి, మోకాళ్ళ సంగతి, మందుల సంగతి. పరిగెత్తవద్దని, ఆరో గదిలో చేపట్టు కమ్మీ వదలవద్దని చెప్పాను. "సరేలే నాయనా" అన్నారు.

మళ్ళీ నా కుర్చీలో కూర్చున్నాను. నలుగురు అని గేటు నుంచి అంకె వచ్చింది. తెర మీద నలుగురూ ఉన్నారు. మామ్మగారు ఆరో గదిలోకి వచ్చి కమ్మీ పట్టుకున్నారు, ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి. మనవరాలు పక్కన ఉంది. మూల లైటు వెలిగించాను. మామ్మగారు అటు తిరిగి, "ఏముందే అక్కడ?" అన్నారు.

నొక్కాను.

"ఓరి నీ దుంప తెగ!" మైకులో ఆ కేక విని నాకే కుర్చీలో ఉలిక్కిపాటు వచ్చింది. ఒక క్షణం నిశ్శబ్దం. నా వేలు ఎర్ర బటన్ మీద ఉంది. ఆ తర్వాత నవ్వు. ఆయాసం వచ్చేలా నవ్వు. చేతులు కమ్మీ మీదే ఉన్నాయి. మనవరాలు ఆవిణ్ణి పట్టుకుని ఇంకా ఎక్కువ నవ్వుతోంది. పడుకోబోతున్న శవాన్ని చూసి మామ్మగారు, "ఇంకోసారి లే రా!" అన్నారు.

ఇప్పుడు ఏం చేస్తున్నామంటే

ఆ రాత్రి తర్వాత మా ఫార్మ్ వాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. వేరే ఊళ్ళలో కొందరు ముందు నుంచే పాటిస్తున్నదే. గేటు దగ్గర అందరినీ అడుగుతాం. తక్కువ భయం చాలన్నవాళ్ళకి చీకట్లో మెరిసే దండ ఒకటి ఇస్తాం. తెర మీద ఆ మెరుపు కనపడితే నేను నొక్కను. వేషాలు వేసుకున్న పిల్లలు కూడా దూరంగా జరుగుతారు. దండ లేని మనిషి ఎంత ముసలివారైనా, వాళ్ళు డబ్బు ఇచ్చి కోరుకున్నది వాళ్ళకి ఇస్తాను. కాకపోతే చేతులు ఎక్కడున్నాయో చూసి ఇస్తాను.

మొదటి తప్పులో నేను మనిషిని చూడకుండా నొక్కాను. రెండో తప్పులో మనిషిని అడగకుండా ఊరుకున్నాను. రెండూ ఒకటేనని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

ఈ అక్టోబరులో మన పాఠకులు చాలామంది పిల్లల్ని తీసుకుని ఇలాంటి చోట్లకి వెళ్తారు. బటన్ పెట్టె వెనక కూర్చునేవాడిగా నాలుగు మాటలు చెబుతాను. మీ వాళ్ళలో గుండె జబ్బు, మూర్ఛ, గర్భం, ఈమధ్య ఆపరేషన్... ఏదున్నా గేటు దగ్గరే చెప్పండి. మెరిసి ఆరే లైట్లు మూర్ఛ ఉన్నవాళ్ళకి మంచివి కావు. ప్రతి గదిలో బయటికి దారి అన్న బోర్డు ఎటుందో ఒక్క చూపు చూసుకోండి. లోపల లైటర్, అగ్గిపెట్టె తీయవద్దు. బొమ్మల దగ్గరికి వంగవద్దు, లేసు కట్టుకోవాలంటే బయటే కట్టుకోండి. లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి చప్పుళ్ళు ఆగిపోతే, అది ఆట కాదు, నిజం. తోసుకోకుండా వెంటనే బయటికి నడవండి.

చివరిగా, ఊరి నుంచి వచ్చిన అమ్మని, నాన్నని ఇంట్లో కూర్చోబెట్టి వెళ్ళకండి. ముందు వాళ్ళని అడగండి. వద్దంటే వద్దు. వస్తానంటే తీసుకురండి. ఆరో గదిలో కమ్మీ పట్టుకోమనండి. మిగతాది నేను చూసుకుంటాను.